మా సార్ హస్తవాసి సిద్ధాంతం

పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నిన్న పొద్దున "సార్ ఇక లేరు" అన్న ఒక్క ముక్క, కింద ఆయన ఫొటో వచ్చాయి. మధ్యాహ్నానికల్లా గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. దేవుడిలాంటి మనిషి అని ఒకరు రాశారు. గొంతు పెంచి ఎరగడని ఇంకొకరు. ఆయన చెయ్యి పడితే చచ్చిన మెషిన్ కూడా లేచి కూర్చునేదని మూడోవాడు. ఆ మూడోవాడి మాట చదివాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏ మెషిన్ లేచింది? ఎవరు లేపారు? గ్రూపులోనే రాయబోయి ఆగాను. అక్కడ రాస్తే దినాలు కూడా కాకముందే గొడవ పెట్టుకుందంటారు. ఇక్కడ రాస్తాను, ఇక్కడ నన్ను ఆపేవాళ్ళు లేరు.

గొంతు పెంచి ఎరగడన్నది మాత్రం నిజం. తిట్టే మనిషైతే ఎంత బాగుండేది! తిరిగి నాలుగు తిట్టి, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకునేదాన్ని. ఆయనది పశ్చిమగోదావరి. కోట్లల్లో మునిగి తేలే బిల్డర్లతో ఎలా 'అండి' అనేవాడో, బోరబండ నుంచి వచ్చి ఆఫీసు ఊడ్చే యాదమ్మతోనూ అలాగే అనేవాడు. ఆడపిల్లలందరం అమ్మా, మగపిల్లలందరూ నాన్నా. మధ్యాహ్నం క్యారేజీ విప్పితే తన గోంగూర తలా కాస్త పెట్టందే ముద్ద ఎత్తడు. అలాంటి మనిషి మీద కోపం తెచ్చుకుంటే చూసేవాళ్ళకి మనమే చెడ్డవాళ్ళం. కోప్పడే సుఖం కూడా మిగల్చలేదు మహానుభావుడు.

మాదాపూర్‌లో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తు మా ఆఫీసు. బిల్డర్లు ఇంకా పునాది కూడా తియ్యని టవర్లకి వీడియోలు చేసివ్వడం మా పని. లేని ఈతకొలనులో నీళ్ళు తళతళలాడాలి, లేని బాల్కనీలోంచి సూర్యుడు కనిపించాలి. ఆ వెలుగునీడల పని నాది. కడప దగ్గరి ఊరినుంచి డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చదువుకుని వచ్చి, ఇక్కడ ఈ పని నేర్చుకుని, దాన్ని ప్రాణంలా చూసుకున్నాను.

ఆఫీసులో చేరేటప్పుడు ఆయన పెట్టిన ఇంటర్వ్యూ చెబితే నవ్వుతారు. సర్టిఫికెట్లు పక్కన పెట్టించి, ఆపేసి ఉన్న ఒక మెషిన్ ముందు నిలబెట్టి, కుడిచేత్తో స్విచ్ నొక్కమన్నాడు. అది బీప్ అని, చకచకా లేచింది. ఆయన కళ్ళు మూసుకుని తలాడించి, మంచి చెయ్యమ్మా, హస్తవాసి ఉంది అన్నాడు. అయిపోయింది ఇంటర్వ్యూ. నాకంటే ముందు వచ్చిన కుర్రాడు నొక్కితే స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ వచ్చిందట, టీ తాగించి మరీ పంపేశాడు. ఆ రోజు నేనూ నవ్వుకున్నాను. ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఆ నవ్వు ఎవరి మీదో ఆలోచించలేదు.

కంప్యూటర్ల గురించి ఆయనకి తెలిసిందల్లా అవి అమ్మవారి స్వరూపాలని. మెషిన్లున్న గదిలోకి చెప్పులతో రానివ్వడు. ఎవరి మెషిన్ మొరాయించినా వెనక నుంచి వచ్చి, డాక్టరు నాడి చూసినట్టు క్యాబినెట్ మీద రెండు వేళ్ళు ఆనించి, ఒంట్లో బాలేదమ్మా దీనికి అనేవాడు. ఆయన లెక్కలో మెషిన్ ఆగడానికి కారణాలు రెండే. ఒకటి దిష్టి, రెండోది ముట్టుకున్న చెయ్యి. దిష్టికి నిమ్మకాయలు కట్టేవాడు. చేతికి మాత్రం ఆయన దగ్గర విరుగుడు లేదు.

శుక్రవారం శుక్రవారం పూజ. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు చెంబులో పట్టి, మామిడాకుతో ఒక్కో క్యాబినెట్ మీదా చిలకరించేవాడు. తరవాత పసుపు, కుంకుమ, చివర్న హారతి. వేడెక్కుతాయని మేం క్యాబినెట్ల పక్క తలుపులు తీసేసి ఉంచేవాళ్ళం. ఆయనకది గుళ్ళో తెర తీసినట్టు. వంగి, లోపలికంటా చిలకరించి, చిటికెడు కుంకుమ లోపలికే వేసేవాడు. వద్దు సార్, లోపల బోర్డులుంటాయి అని నేను రెండుసార్లు చెప్పి చూశాను. అమ్మవారికి బోర్డేమిటి, గుమ్మమేమిటమ్మా అని నవ్వేశాడు.

నేను చేరిన తరవాతి ఏడాది మా ఆయన పోయాడు. డెంగీ. నాలుగు రోజుల జ్వరమనుకున్నది మనిషినే తీసుకుపోయింది. అత్తగారింటికీ పుట్టింటికీ కాకుండా నిజాంపేటలో మా అద్దెవాటాలోనే ఉండిపోయాను, ఎందుకంటే పని ఇక్కడుంది. నుదుట బొట్టు మానలేదు. మా అమ్మే పెట్టుకోమంది. పనిలో కూర్చుంటే ఒక గంటసేపు ఏమీ గుర్తురాదు. ఆ గంట కోసం పొద్దున లేచేదాన్ని, నిజం.

దసరాకి ఆయుధపూజ. ఎవరి మెషిన్‌కి వాళ్ళు బొట్టు పెట్టడం మా ఆఫీసు ఆచారం. కుంకుమ భరిణె చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. నేను వేలు ముంచబోయాను. ఆయన దగ్గరికొచ్చి భరిణె మెత్తగా నా చేతిలోంచి తీసుకుని, నువ్వు కూర్చో అమ్మా, నీ మెషిన్‌కి పక్క పిల్ల పెడుతుందిలే అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడని! నా నుదుటి మీదికి ఒక్క చూపు చూసి, ఇంక చూడలేదు. గదిలో అందరికీ అర్థమైంది. పక్కసీటు పిల్ల నా మెషిన్‌కి బొట్టు పెట్టి, నాకేసి చూడలేక తల దించుకుంది. చిన్నపిల్లలా గోడవైపు తిరిగి నిలబడ్డాను. స్విచ్ నొక్కి ఉద్యోగం తెచ్చుకున్న చెయ్యి అదేగా!

దసరా వెళ్ళి వారం తిరగలేదు, పెద్ద మెషిన్ పడిపోయింది. పెద్ద మెషిన్ అంటే ఆఖరి వీడియో తయారయ్యేది, ఆఫీసుకంతా ఆధారం. దాని మీద ఆ రోజు కూర్చున్నది నేను. పని నడుస్తూ నడుస్తూ స్క్రీన్ నిండా రంగురంగుల గళ్ళు వచ్చాయి, తరవాత నల్లగా అయిపోయింది. కేబుల్ మార్చాను. మానిటర్ మార్చాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. తెరమీద బొమ్మని పుట్టించే గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి ఇంకో మెషిన్‌లో పెట్టాను. అక్కడా అంతే. మొదట బాగానే ఉంటుంది, బరువు పని ఇచ్చిన కాసేపటికి గళ్ళు, ఆపైన చీకటి. అంటే రోగం కార్డులోనే ఉంది.

ఇదంతా చెబుతుంటే ఆయన వినలేదు. నా చెయ్యి వంక చూస్తున్నాడు. అందరూ ఉండగానే అన్నాడు.

"కొందరి చేతికి మెషిన్లు నిలవవమ్మా. నీ తప్పని అనను. నీ టైము అలా ఉంది."

ఆ సాయంత్రమే నా సీటు మారింది. మెషిన్ల గదిలోంచి భోజనాల బల్ల దగ్గరికి మార్చి, పాత ఫొటోలు పేర్లు పెట్టి సర్దే పని ఇచ్చారు. ఇక చూడండి. నేను ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఒకడు మైలగుడ్డ పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో తీసుకున్నాడు. ఇంకొకరి మౌస్ పనిచెయ్యకపోతే, నేను నిన్న అటుగా వెళ్ళానా అని ఆరా. యాదమ్మ ఒక్కతే నా టిఫిను డబ్బా కడిగి పెడుతూ, "గా సారు గట్లనే అంటడు బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. ఫికర్ కాదు యాదమ్మా, కసి. ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళకపోతే నాకింక ఏమీ లేదని తెలుసు. పనిలో అన్నీ మరిచే ఆ గంట కూడా పోయింది నాకు.

పోయిన కార్డుని ఆయనేం చేశాడో చెప్పాలి. పూజలందుకున్న వస్తువు చెత్తలో వెయ్యకూడదట. ఎర్రగుడ్డలో చుట్టి దేవుడి అలమరలో పెట్టాడు. కార్తీకమాసంలో ఊరెళ్ళినప్పుడు గోదావరిలో కలిపేస్తానన్నాడు. గ్రాఫిక్స్ కార్డుకి గోదావరి నిమజ్జనం! కొత్తది స్టాకు లేదని కొట్లవాళ్ళు చేతులెత్తేశారు, బిల్డరు రోజూ ఫోన్ల మీద ఫోన్లు, ఈయన మాత్రం ఆ ఎర్రగుడ్డకి రోజూ ఒక పువ్వు పెడుతున్నాడు.

శనివారం పోతూ పోతూ ఆ మూటని టిఫిను సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాను. ఎవరినీ అడగలేదు. ఆదివారం పొద్దున్నే మా ఆయన డెస్క్‌టాప్ దుమ్ము తుడిచి, అందులో బిగించి చూశాను. కార్డు మీద రెండు ఫ్యాన్లుంటాయి. ఒకటి అసలు తిరగట్లేదు, రెండోది వణికి ఆగిపోతోంది. చిప్పు బాగానే ఉంది, వేడి పోయే దారి లేక తనను తాను ఆపేసుకుంటోంది. అంతే కదా, మనిషైనా అంతే చేస్తాడు.

స్క్రూలు తీసి విప్పాను. వేడిని లాగే అల్యూమినియం రేకుల దొంతర ఉంటుంది, దాని సందులన్నీ ఎర్రటి ముద్దతో పూడిపోయి ఉన్నాయి. కొబ్బరినీళ్ళు ఆరి జిగురై, ఆ జిగురుకి దుమ్ము పట్టి, దుమ్ముకి కుంకుమ పట్టి, శుక్రవారం మీద శుక్రవారం పేరుకుపోయింది. ఫ్యాను ఇరుసు బెల్లంపాకంలో పడ్డట్టు అంటుకుపోయింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. చిన్న చెంచాతో ఆ ముద్ద గీకి తెల్లకాగితంలో జాగ్రత్తగా పొట్లం కట్టాను. సాక్ష్యం మరి! స్పిరిట్టు, పాత పళ్ళబ్రష్షు పెట్టి రేకు రేకు కడిగాను. ఫ్యాను ఊడదీసి ఇరుసు శుభ్రం చేశాను. చిప్పు వేడిని రేకులకి చేర్చే పేస్టు ఎండి పొరలు లేచింది, అది తుడిచి కొత్తది పూశాను. వేళ్ళు కోసుకుపోయాయి, నడుము పడిపోయింది. సాయంత్రం బరువు పని ఇచ్చి వదిలేస్తే, కార్డు చల్లగా, హాయిగా నడుస్తూనే ఉంది. మా ఆయన పోయాక ఆ ఇంట్లో నేను గట్టిగా నవ్వింది అప్పుడే.

సోమవారం అందరూ వచ్చేదాకా ఆగాను. కార్డు పెద్ద మెషిన్‌లో బిగించి, నడిపించి, ఆయన బల్లమీద తెల్లకాగితం విప్పి పెట్టాను. కార్డు చచ్చింది నా చేతివల్ల కాదు సార్, దీనివల్ల అన్నాను. కొబ్బరినీళ్ళు, కుంకుమ, ఏ శుక్రవారం ఎలా పేరుకున్నాయో, నేను ఎలా విప్పి ఎలా కడిగానో పూసగుచ్చినట్టు చెప్పాను. ఇప్పుడు ఈ మనిషి తల వంచుకుంటాడని నేను కళ్ళార్పకుండా చూస్తున్నాను.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని ఆ ముద్దని చాలాసేపు చూశాడు. తరవాత ఉంగరపు వేలితో అందులోంచి కాస్త తీసి, కళ్ళకద్దుకుని, నుదుట పెట్టుకున్నాడు.

"చూశారా అమ్మా! అమ్మవారు లోపలే కూర్చుని కాపాడింది. లేకపోతే ఇది బతికేదా?"

ఒకరి తరవాత ఒకరు చేతులు జోడించారు. పక్కసీటు పిల్ల వచ్చి ఆ ముద్దలోంచి బొట్టు పెట్టుకుంది. హంతకుణ్ణి పట్టి తెచ్చి నిలబెడితే దండ వేసి హారతిచ్చినట్టుంది. ఆయన అక్కడితో ఆగలేదు. నా కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి, నేను మొదట్లోనే అన్నానుగా, ఈ పిల్లది మంచి హస్తవాసి అని అందరికీ చూపించాడు. చెడ్డ చెయ్యి ఒక్క పూటలో మళ్ళీ మంచిదైపోయింది.

సీటు వెనక్కి వచ్చింది. గంట వెనక్కి వచ్చింది. వాటితోపాటు కొత్త పీడ కూడా. పొద్దున్నే పెద్ద మెషిన్ స్విచ్ నేనే నొక్కాలి. బిల్డరుకి పంపే హార్డ్‌డిస్క్ నేను ముట్టుకున్నాకే బయటికి వెళ్ళాలి. రెండు వేళ్ళతో పెన్‌డ్రైవ్ తీసుకున్నవాడే, ఒకసారి చెయ్యి వెయ్యక్కా అని వెంటపడేవాడు. చెయ్యి చెడ్డదన్నా ఆయనే, మంచిదన్నా ఆయనే. పని తెలిసిన చెయ్యి అని మాత్రం ఒక్కసారి, ఒక్కంటే ఒక్కసారి ఆ నోటివెంట రాలేదు. ఒక చిన్న కక్ష మాత్రం అప్పుడే తీర్చుకున్నాను. అమ్మవారు లోపలే ఉందన్నారుగా సార్, బయటినుంచి మళ్ళీ నీళ్ళెందుకు అని అడిగాను. ఆయన ఆలోచనలో పడి, శుక్రవారం పూజ గోడమీది పటానికి మార్చేశాడు. ఆ ఆఫీసులో మెషిన్లు ఇంకొన్నేళ్ళు బతికాయంటే అందుకే.

తరవాత నేను బయటికొచ్చేశాను. కూకట్‌పల్లిలో ఒక సందులో, కర్రీ పాయింట్ పక్కన చిన్న గది తీసుకుని గ్రాఫిక్స్ కార్డులు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. నా పద్ధతి ఒకటే. వచ్చినవాళ్ళ ముందే విప్పుతాను, ఏం పాడైందో, ఏం చేస్తున్నానో చూపిస్తాను. చూడనివాడి కార్డు ముట్టుకోను. అయినా సరే, సార్ పంపారండీ, మీ చెయ్యి మంచిదటగా అంటూ మనుషులు వచ్చేవాళ్ళు. నా పేరు కూడా ఆయనే మోస్తున్నాడన్నమాట, తన సిద్ధాంతం మీద కూర్చోబెట్టి! ఆయన ఆఫీసు నుంచి కార్డులు వస్తే మాత్రం, మా దగ్గర హస్తవాసి స్టాకు లేదని చెప్పి గుమ్మంలోంచే పంపించేదాన్ని. పంపించినప్పుడల్లా టీ ఇంకాస్త రుచిగా ఉండేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. చిక్కిపోయాడు, తువ్వాలులో చుట్టిన కార్డు గుండెలకి ఆనించుకుని ఉన్నాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. కూర్చోమన్నాను. అన్ని కొట్లూ తిరిగాడట, చిప్పు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారట. ఆఫీసులో మిగిలిన ఒక్క పెద్ద మెషిన్‌ది ఈ కార్డు, మర్నాడు బిల్డరు వస్తున్నాడు, ఇది లేవకపోతే మూసుకోవడమేనట. నీ చెయ్యి పడితే చాలమ్మా అన్నాడు.

బిగించి చూశాను. ఫ్యాన్లు ఈడ్చుకుంటూ తిరిగి ఆగిపోతున్నాయి. దుమ్ము, ఎండిన పేస్టు, అంతకంటే ఏం లేదు. ఆ మాట చెప్పలేదు.

"చేస్తాను సార్. ముందు నాకొక మాట చెప్పండి. ఆ రోజు ఆ కార్డుకి నేనేం చేసినాను?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. కళ్ళు మూసుకుని, నుదురు చిట్లించి, గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. అందరి ముందూ పూసగుచ్చినట్టు చెప్పానే, అందులో ఒక్క ముక్కయినా వస్తుందని నేను చూస్తున్నాను.

"ముట్టుకున్నావమ్మా" అన్నాడు.

స్క్రూ డ్రైవర్ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఈసారి మీరు ముట్టుకోండి సార్ అన్నాను. హాస్యమనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళు సరిగా కనబడవమ్మా అంటే బల్లలైటు దగ్గరికి జరిపాను. చెయ్యి వణుకుతుందంటే, మెల్లగానే కానివ్వండి, నాకు తొందర లేదన్నాను. కార్డు కళ్ళకద్దుకోబోతే చెమట అంటుతుందని ఆపాను. పగడపు ఉంగరం అడ్డమొస్తే తీయించాను.

చెప్పొద్దూ, నాకు ప్రాణం హాయిగా ఉంది. స్క్రూ జారి కింద పడితే బల్లకిందికి వంగి ఆయనే వెతుక్కున్నాడు. ఏ స్క్రూ ముందో, ఏ తీగ లాగకూడదో నోటితో చెప్పాను తప్ప వేలు కదపలేదు. రేకుల సందుల్లో బ్రష్షు పెట్టి రుద్దించాను. ఇంకా ఉంది సార్, ఆ మూల చూడండి అని మళ్ళీ రుద్దించాను. రేకు అంచుకి వేలు తెగితే కాస్త దూది ఇచ్చి, కానివ్వండి అన్నాను. పాత పేస్టు తుడవడం, కొత్తది పలచగా పూయడం, ఎక్కువైందని మళ్ళీ తుడిపించి మళ్ళీ పూయించడం. ఇక అమ్మా అని నన్ను పిలవలేదు, అమ్మవారినీ పిలవలేదు. నాలిక పళ్ళమధ్య పెట్టుకుని పనిలో మునిగిపోయాడు. ఎండ గోడ దిగేసరికి ఆఖరి స్క్రూ బిగించాడు.

స్విచ్ కూడా ఆయన చేతే నొక్కించాను. రెండు ఫ్యాన్లూ గిర్రున తిరిగాయి. బరువు పని ఇచ్చి ఇద్దరం స్క్రీన్ ముందు కూర్చున్నాం. గళ్ళు రాలేదు, చీకటి రాలేదు. నడుస్తూనే ఉంది.

ఆయన స్క్రీన్ చూడటం మానేసి తన చేతులు చూసుకుంటున్నాడు. గోళ్ళలో నల్లటి మట్టి, వేళ్ళకి బూడిదరంగు పేస్టు, తెగినచోట దూది. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తరవాత తలెత్తి నన్ను చూశాడు. చేరినప్పటినుంచీ ఆ మనిషి నా ముఖం అలా చూడలేదు.

"ఆ రోజు నువ్వు కూడా ఇంత పని చేశావా అమ్మా?"

ఇన్నేళ్ళూ నేను వినాలనుకున్నది అదే. అవును సార్ అంటే సరిపోయేది, అక్కడితో ఇద్దరికీ తేలికపడేది. ఆయన కళ్ళు ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నాయని నాకు తెలుసు.

"లేదు సార్. ఊరికే ముట్టుకున్నానంతే" అన్నాను.

కార్డు ఊడదీసి తువ్వాలులో చుట్టి ఇచ్చాను. ఆయన రెండు చేతులతో తీసుకుని, చెప్పులేసుకుని సందు చివరిదాకా మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు, కార్డులూ పంపలేదు. ఇప్పుడు లేచి వచ్చి అడిగినా నేను అదే చెబుతాను.